మన్రో విగ్రహము - అంకవన్నెల కథ

బెల్లంపల్లిమీఁదుగా దక్షిణమునకుఁ బోవు రైలుమార్గము చెన్నపట్టణముఁ జేరును. అచటి సెంట్రల్ స్టేషనునకు సమీపమున, 'ఐలెండు' అను మైదానముచెంత, సర్ థామస్ మన్రో కంచువిగ్రహ మున్నతపీఠముపై నశ్వారూఢమై యున్నది. ఆ గుఱ్ఱమునకు జీను లేదు. అంకవన్నెలు, అనఁగా రికాబులు, లేవు. శిల్పి వానిని మఱచెననియు, పిదపఁ దప్పెఱిఁగి సిగ్గుచేఁ బ్రాణములు విడిచెననియు జనులు చెప్పుకొందురు. ఈ కథలో సత్యమెంత యని విచారింతము.

పందొమ్మిదవ శతాబ్దమున హాలెండు మొదలగు ఐరోపాదేశములలో రాజపురుషుల విగ్రహములు వ్యంగ్యచిత్రకారులకు గుఱియగుచుండెను. హేగు నగరమున రాజప్రాసాదము నెదుట 1845లో ఆరెంజి ప్రభువగు విలియము గుఱ్ఱముపై నిలుపఁబడెను. 1848లో నదే నగరమునఁ బాదచారియైన యాతని విగ్రహము వేఱొకటి వెలసెను. లండనులో 1846లో వెల్లింగ్టను బృహద్విగ్రహమును గమానుపై కెక్కింపఁగా 'పంచ్' పత్రిక దానిని మిక్కిలి పరిహసించెను. అచట ముద్రితచిత్రములు చేసిన పనిని మన దేశమున జనశ్రుతి చేసెను.

ఇఁక సత్యము. విగ్రహశిల్పి సర్ ఫ్రాన్సిస్ చాంట్రీ. విగ్రహము లండనులో సిద్ధమై, ఓడపై వచ్చి, 1839లో స్థాపింపఁబడెను. చాంట్రీ మరణించినది 1841 నవంబరు 25వ తేదిని, హృద్రోగముచేత. ఆత్మహత్యకథ కిచటనే యాధారము తొలఁగినది. మఱపనుమాటయు నిలువదు. ట్రఫాల్గరు స్క్వేరులోని నాలుగవ జార్జి విగ్రహమును జాంట్రీ నిర్మించినదే. చాంట్రీ ప్రారంభింపఁగా నాతని యనంతరము 1844లో వెలసిన వెల్లింగ్టను విగ్రహము రాయల్ ఎక్స్‌చేంజి యెదుట నున్నది. ఆ రెండింటికిని అంకవన్నెలు లేవు. ఒకమాఱు మఱచినవాఁడు మూఁడుమాఱులు మఱచునా? ప్రాచీన రోమకులకు అంకవన్నెలు తెలియవు. రోమునందలి మార్కస్ ఆరీలియస్ విగ్రహమునకును అవి లేవు. శిల్పి యా ప్రాచీనమర్యాద ననుసరించె ననుట యుక్తము.

అట్లయినఁ గథ వ్యర్థమా? కాదు. మన్రో 1800 మొదలు 1807 వఱకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. శిస్తు భారమైనదని యెఱిఁగి, నూటికి 25 వంతులు తగ్గింపవలెనని 1807లోఁ దానే సూచించెను. పిదప మద్రాసు గవర్నరై, 1827 జూలై 6వ తేదిని పత్తికొండలో విషూచివ్యాధిచే మరణించెను. ఆ సీమలో బిడ్డలకు 'మన్రోలప్ప' యని పేరిడుట యుండెను. కావున జనులు పరిహసించినది మన్రోను గాదు. అందఱాని యెత్తున నిలిపిన దొరతనపుటాడంబరమును వారు చూచిరి. అందొక లోపముఁ గనిపెట్టిరి. పత్రిక లేకయే తమ తీర్పుఁ జెప్పిరి.

కావున నుపాధ్యాయు లీ కథను బాలురకుఁ జెప్పుట మానవలదు. చెప్పునపుడు మాత్రము 1839, 1841 అను రెండు సంవత్సరములను బలకపై వ్రాసి, కథయందలి దోషమును బాలురచేతనే పట్టింపవలయును. జనశ్రుతిని శిల్పచరిత్రగా గ్రహించుట యొక పొరపాటు. అసత్యమని పాఱవైచినచో జనుల యభిప్రాయమునకు మిగిలిన సాక్ష్యమును బోఁగొట్టుకొందుము.