డ్రయ్యర్ ఉష్ణోగ్రత సెన్సార్ లోపం

ఇంట్లో బట్టలారబెట్టే యంత్రం వేడిగాలి ఉష్ణోగ్రతను సరిగా కొలవలేకపోవడం. ఆ ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్ సాధారణంగా ఎన్‌టీసీ థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దీని నిరోధం తగ్గుతుంది. సింహాచలం, గోపాలపట్నం వంటి విశాఖ ప్రాంతాల్లో వానాకాలం దండెం మీద బట్టలు ఓ పట్టాన ఆరవు కనుక డ్రయ్యర్‌కు పని ఎక్కువ. సముద్రపు తేమగాలికి కనెక్టర్లు చిలుము పట్టే అవకాశమూ ఉంది.

బట్టలు ఆరకముందే యంత్రం ఆగడం, అతిగా వేడెక్కడం, తెరపై ఎర్రర్ కోడ్ రావడం లక్షణాలు. అయితే నూగుతో మూసుకుపోయిన ఫిల్టర్, గాలిగొట్టం కూడా ఇలాగే చేస్తాయి. ముందు వాటిని శుభ్రం చేయకుండా సెన్సార్ కొనడం డబ్బు దండగ.

పరీక్షకు ముందు ప్లగ్ తీసేయాలి. సెన్సార్ వైర్లు విడదీసి మల్టీమీటర్‌తో చూస్తే చాలా మోడళ్లలో 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 10 కిలో ఓమ్‌లు, 50 డిగ్రీల వద్ద 4 కిలో ఓమ్‌లకు అటూఇటూ వస్తుంది. కచ్చితమైన విలువకు సర్వీస్ మాన్యువలే ప్రమాణం. అనంతం చూపితే లోపల తెగినట్టు, సున్నాకు దగ్గరైతే షార్ట్ అయినట్టు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసినా అంకె కదలకపోతే సెన్సార్ మార్చాల్సిందే. సెన్సార్ దగ్గర రీడింగ్ బాగుండి, కంట్రోల్ బోర్డు వైపు కనెక్టర్ దగ్గర బాగోలేకపోతే తప్పు వైరింగ్‌ది.

అతిగా వేడెక్కితే కరెంటు ఆపే థర్మల్ ఫ్యూజ్ ఈ సెన్సార్ కాదు, వేరే భాగం. అది పోతే తీగ ముక్కతో కలిపి నడపకూడదు. మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.