చెయ్యెత్తని అక్కచెల్లెళ్లు

1942. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, చార్ల్‌స్టన్ దగ్గర స్లిప్ హిల్ బడి. నువ్వు ఆ తరగతిలోనే ఉన్నావు. పిల్లలంతా కుడిచెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి పైకి తిప్పి, జెండాకేసి చూస్తూ ప్రతిజ్ఞ చెబుతున్నారు. నీ పక్కనున్న అక్కచెల్లెళ్లు గేథీ, మేరీ బార్నెట్ మాత్రం చెయ్యెత్తలేదు. నోరు విప్పలేదు. వాళ్లను ఇంటికి పంపేశారు. మర్నాడు వాళ్ల నాన్న మళ్లీ బడికి పంపాడు. బడి మళ్లీ వెనక్కి పంపింది.

వాళ్ల మీద కోపం తెచ్చుకోకు. వాళ్లది యెహోవా సాక్షుల కుటుంబం. దేవుడికి తప్ప ఏ గుర్తుకూ మొక్కకూడదని వాళ్ల నమ్మకం. అవతల దేశమేమో యుద్ధంలో ఉంది. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడిన నెల రోజులకే, జనవరి 9న, రాష్ట్ర విద్యామండలి ఆజ్ఞ ఇచ్చింది: వందనం చెయ్యని పిల్లలకు బడిలో చోటు లేదు. అలా గెంటేసిన పిల్లలు బడి ఎగ్గొట్టినట్టే లెక్క. అందుకు అమ్మానాన్నలకు 50 డాలర్ల దాకా జరిమానా, 30 రోజుల దాకా జైలు! ఎంత అన్యాయమో చూడు.

ఇప్పుడు ఆ నాన్న వెంట నడువు. ఎవరితో మొరపెట్టుకోవాలి? బడులు రాష్ట్రం చేతిలో ఉన్నాయి, ఆజ్ఞ కూడా రాష్ట్రానిదే. కానీ ఏ రాష్ట్రమూ దాటరాని రాజ్యాంగం ఒకటుంది. మనుషుల మాటకు, మతానికి అడ్డుపడే చట్టం కాంగ్రెస్ చెయ్యకూడదని 1791లో చేరిన మొదటి సవరణ చెబుతుంది. ఆ కట్టుబాటును రాష్ట్రాలకూ వర్తింపజేయడానికి 1868 నాటి పద్నాలుగో సవరణ దారి వేసింది. అందుకే ఆయన, మరికొన్ని కుటుంబాలు ఫెడరల్ కోర్టు తలుపు తట్టారు. అక్కడ గెలిచారు. విద్యామండలి ఊరుకోలేదు, వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. గుండె దడదడలాడే మాట ఒకటుంది: ఇలాంటి ఆజ్ఞే సబబని 1940లో సుప్రీంకోర్టు 8-1తో తేల్చేసింది.

1943 జూన్ 14, అమెరికా జెండా దినం. నల్ల గౌన్లు వేసుకున్న తొమ్మిదిమంది న్యాయమూర్తులు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదించి, సెనేట్ ఒప్పుకుంటేనే ఆ కుర్చీ దక్కుతుంది. దక్కాక అధ్యక్షుడు కోప్పడ్డా దించలేడు. 1940లో పిల్లలకు ఎదురు తీర్పు చెప్పినవాళ్లలో ముగ్గురు ఈసారి మనసు మార్చుకున్నారు. 6-3తో పిల్లలే గెలిచారు! కొన్ని హక్కులు ఓట్ల లెక్కకు అందవని, వందనం పేరుతో ఎవరి నమ్మకాన్నీ బలవంతంగా పలికించకూడదని జస్టిస్ రాబర్ట్ జాక్సన్ రాశాడు. బడుల సంగతి రాష్ట్రాలకే వదిలేయాలని, ఈ తీర్పుకు ఒప్పుకోని జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ వాదించాడు. అది తేలిగ్గా తీసిపారేసే వాదన కాదు. ప్రజలు ఎన్నుకున్నవాళ్ల పనిలో కోర్టు ఎంతదాకా కలగజేసుకోవాలి? నేను మాత్రం ఆ అక్కచెల్లెళ్ల వైపే.

ఆ తీర్పు మన దేశందాకా వచ్చింది. కేరళలో జనగణమన పాడుతుంటే లేచి నిలబడి, పాడకుండా మౌనంగా ఉన్నందుకు ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. వాళ్లదీ యెహోవా సాక్షుల మతమే. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, 1986 ఆగస్టులో ఢిల్లీ సుప్రీంకోర్టులో తీర్పు రాస్తూ ఈ బార్నెట్ కేసును పరిశీలించారు. పిల్లలను మళ్లీ బడిలో చేర్చుకోవాలని ఆదేశించారు.