గాలిని ఆపని నల్ల తెరచాప

బోస్టన్‌కు ఎదురొడ్డున, చార్లెస్ నది పక్కనున్న ఎమ్‌ఐటీలో ఓ కథ ఏళ్లుగా ప్రచారంలో ఉంది. గ్రీన్ బిల్డింగ్ ముందు నిలబెట్టిన నల్లటి ఉక్కు శిల్పాన్ని గాలికి అడ్డుగా పెట్టారట!

కథ పుట్టడానికి కారణం లేకపోలేదు. 1964లో పూర్తయిన ఆ ఎత్తైన భవనాన్ని ఐ.ఎమ్. పెయ్ పొడవాటి కాళ్ల మీద లేపాడు. నది మీంచి వచ్చే గాలి కిందున్న ఖాళీలోకి దూరి ఉధృతంగా వీచేది. ఈదురుగాలి రోజుల్లో తలుపులు తెరవడమే కష్టమయ్యేది. ఆ చిక్కు తీర్చింది శిల్పం కాదు, తర్వాత అమర్చిన తిరుగుడు తలుపులు.

శిల్పం పేరు ‘లా గ్రాండ్ వ్వాల్’. అంటే పెద్ద తెరచాప. దాతలు మెక్‌డర్మట్ దంపతులు. అది నిలబడ్డ ఆవరణకు పెట్టింది వారి పేరే. ఎత్తు 40 అడుగులు, బరువు సుమారు 33 టన్నులు. గాలి అడ్డు అనే మాటతో దీన్ని పనిముట్టుగా కుదించడం అన్యాయమే.

చేసినవాడు అలెగ్జాండర్ కాల్డర్ (1898–1976). తండ్రీ తాతా ఇద్దరూ శిల్పులే. ఫిలడెల్ఫియా సిటీ హాల్ శిఖరాన ఉన్న విలియమ్ పెన్ విగ్రహం తాత చేసిందే. మనవడు మాత్రం ముందు మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, 1919లో స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ నుంచి పట్టా పుచ్చుకున్నాడు. గాలికి ఊగే వేలాడే శిల్పాలతో, అంటే ‘మొబైళ్ల’తో, ప్రపంచమంతా పేరొచ్చింది. 1955లో సారాభాయ్ కుటుంబం పిలిస్తే అహ్మదాబాద్ వచ్చి, వాళ్లింట్లోనే ఉండి శిల్పాలు చేశాడు.

కాల్డర్‌లోని ఇంజినీరు చెయ్యి ఈ తెరచాపలో దాక్కోలేదు. ముందు రేకుతో చిన్న నమూనా కత్తిరించుకునేవాడు. దాన్ని ఫ్రాన్స్‌లోని టూర్స్ పట్టణంలో బియెమోన్ వర్క్‌షాపు కార్మికులు భారీ పలకలుగా పెంచేవారు. దగ్గరికెళ్లి చూడండి: బోల్టులు వరసగా బయటికే కనిపిస్తాయి. పలక వంగకుండా వెనక నిలబెట్టిన పట్టీలనూ ఆయన దాచలేదు. నల్ల రంగు పూసి వాటినీ రూపంలో కలిపేశాడు. చుట్టూ నడుస్తుంటే వెడల్పాటి పలక సన్నటి గీతవుతుంది. రెండడుగులు వేస్తే మరో వంపు ముందుకొస్తుంది. కదిలేది శిల్పం కాదు, చూసేవాడు. మొబైళ్లు చేసిన మనిషి స్థిరమైన ఉక్కులో సాధించిన అసలు గొప్పతనం ఇదే.

ఈ తెరచాపను 1966లో ఎమ్‌ఐటీలో ఆవిష్కరించారు. మూడేళ్లకు, 1969లో, మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగర కూడలిలో కాల్డర్ చేసిన ఎర్రటి ‘లా గ్రాండ్ వితెస్’ వెలిసింది. తెరచాపను దాతలు ఇస్తే, దానికి అమెరికా ప్రభుత్వ కళానిధి డబ్బిచ్చింది.