మిస్సమ్మ ఇంటి నుంచి డిసెంబరు నవ్వుల దాకా

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర రెండు పెద్ద రోడ్లు కలుస్తాయి. ఒకటి కంకిపాడు మీదుగా బందరు పోతుంది, ఇంకొకటి హనుమాన్ జంక్షన్ మీదుగా ఏలూరు వైపు. క్రిస్మస్ సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే హాస్య చిత్రాలేవని అడిగితే నేను ఈ రెండు దారులే చూపిస్తాను; ఆ నవ్వుల్లో కొన్నింటి ఊళ్లు ఈ దారుల మీదే ఉన్నాయి.

విజయవాడకు 1921లోనే మారుతీ టాకీస్ వచ్చింది. తెలుగు సినిమాకు మాట రావడానికి అప్పటికింకా పదకొండేళ్లుంది. వచ్చిన మాట కూడా చాలాకాలం పురాణాలకే సరిపోయింది. 1940లో ‘బారిష్టర్ పార్వతీశం’ లాంటి హాస్య చిత్రాలు అరుదు.

అసలు మలుపు ‘మిస్సమ్మ’. విడుదలైంది 1955 సంక్రాంతికే అయినా, నా లెక్కలో మన క్రిస్మస్ సినిమా అదే. ఉద్యోగం కోసం ఒక హిందూ కుర్రాడు, క్రైస్తవ అమ్మాయి మేరీ మొగుడూపెళ్లాలుగా నటించడం కథ. మాటలు తెనాలి చక్రపాణివి, పాటలు బందరులో చదువుకున్న పింగళివి. మేరీ బొట్టు పెట్టుకోననడం, ఉద్యోగమిచ్చిన జమీందారు దంపతులకు ఆ పట్టుదల అంతుపట్టకపోవడం, అప్పు సాకుతో ఆమెను పెళ్లాడాలని వెంటపడే డేవిడ్‌గా రమణారెడ్డి: ఇన్ని నవ్వుల మధ్య మేరీగా సావిత్రి మేరీమాతను వేడుకుంటూ పాడుతుంది. ఆ పాటప్పుడు సినిమా ఆమె భక్తిని చూసి నవ్వదు. అందుకే ఆ సినిమా అంటే నాకంత గౌరవం. చివర్లో ఆమె పుట్టుకతో హిందువేనని తేల్చేయడం మాత్రం నాకిప్పటికీ వెలితే.

తర్వాత దర్శకుడు జంధ్యాల. 1987 నవంబరు చివర్లో వచ్చిన ‘అహ నా పెళ్లంట’లో, పైన వేలాడదీసిన కోడిని చూస్తూ ఉత్త అన్నం తినే పిసినారి లక్ష్మీపతి కోట శ్రీనివాసరావు. ఆయనది బందరు రోడ్డు మీది కంకిపాడే. 1999లో విజయవాడ తూర్పు నుంచి శాసనసభకూ వెళ్లారు. పిసినారితనాన్ని ఆయన వెకిలిగా చెయ్యలేదు, నమ్మి బతికారు. అరగుండుగా బ్రహ్మానందం నిలదొక్కుకున్నదీ ఆ సినిమాతోనే.

డెల్టాలో డిసెంబరంటే కోతలు, కుప్పనూర్పులు. చేతిలో డబ్బాడేది సంక్రాంతికి, పెద్ద సినిమాలూ అప్పుడే. వాటికి ముందున్న ఆ క్రిస్మస్ వారం కొత్త శతాబ్దంలో హాస్యానికి బాగా కలిసొచ్చింది. 2001 డిసెంబరులో మన పక్క ఊరి పేరుతోనే ‘హనుమాన్ జంక్షన్’, మరుసటేడు డిసెంబరు 20న త్రివిక్రమ్ మాటలతో ‘మన్మథుడు’. పారిస్‌లో లవంగంగా బ్రహ్మానందం చేసిన అల్లరి ఇప్పటికీ పాతబడలేదు. 2019లో బందరు వాడైన దర్శకుడు మారుతి ‘ప్రతిరోజూ పండగే’లో చావు దగ్గరపడ్డ తాతగారి చుట్టూ నవ్వు అల్లాడు. అది చాలా కష్టమైన పని. మరుసటేడు సరిగ్గా క్రిస్మస్ రోజున ‘సోలో బ్రతుకే సో బెటర్’ వచ్చింది. కరోనా మూతల తర్వాత సీటు వదిలి సీటులో కూర్చుని చూశాం. నవ్వు కూడా సీటు వదిలి సీటుకే అందింది.

ఇవన్నీ క్రిస్మస్‌కు దగ్గర్లో వచ్చిన కథలే కానీ క్రిస్మస్ కథలు కావు. బెంజ్ సర్కిల్‌కు అంత దూరం కాని గుణదలలో క్రిస్మస్ రోజుల్లో ప్రతి సందులోనూ కాగితపు నక్షత్రాలు వెలుగుతుంటాయి. ఆ వెలుగు కింద, మేరీ మేరీగానే మిగిలిపోయే ఒక హాస్య కథ రావాలని నా ఆశ.