ఆసుపత్రి మంచం మీద ఒక సొంత దుప్పటి

పోయిన వారం అటక సర్దుతుంటే ట్రంకుపెట్టె అడుగున ఒక చిన్న బొంత దొరికింది. రెండు మూరల వెడల్పు, మూడు మూరల పొడవు. మా అత్తగారు తన పాత నూలుచీరలు పైనా కిందా వేసి, మధ్యలో మామగారి చిరిగిన పంచె పరిచి, మా చిన్నాడి కోసం కుట్టారు. వాడు అది లేకుండా నిద్రపోయేవాడు కాదు. ఒక మూల నోట్లో పెట్టుకుని నమిలి నమిలి పీచు చేశాడు. ఆ పీచు ఇప్పటికీ అలాగే ఉంది.

వాడికి ఐదేళ్ళప్పుడు ఒకసారి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. రక్తకణాలు పడిపోయాయి, ఏమైనా కావచ్చు అన్నారు. ఆ "ఏమైనా" అనే మాటకి నాకు నిద్ర పట్టేది కాదు. వార్డులోకి వెళ్ళే ముందు నర్సమ్మ ఆ బొంతని చూసి, "ఇది లోపలికి కుదరదమ్మా, పాత బట్టలు తేకూడదు" అంది. ఆమె తప్పు లేదు. ఆ వార్డులో పిల్లలకి చిన్న ఇన్ఫెక్షన్ సోకినా ప్రమాదమే. కానీ ఆ రాత్రి వాడు సూదికి ఏడవలేదు, బొంత కోసం ఏడ్చాడు. పక్క మంచం మీద ఓ పాప ఉండేది, కీమో ఇచ్చి జుట్టంతా రాలిపోయింది. వాళ్ళమ్మ చున్నీ కొంగు వేలికి చుట్టుకుని పడుకునేది.

మేం భయపడ్డది కాలేదు, ఇంటికొచ్చేశాం. అయినా ఆ బొంతని చూడగానే అదంతా మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. ఫోటో తీసి అమెరికాలో ఉన్న మా అక్క కూతురికి పంపించాను. అది వెంటనే ఫోన్ చేసి, "పిన్నీ, ఇక్కడ ఇలాంటివి కుట్టి ఆసుపత్రిలో పిల్లలకి ఇవ్వడానికి ఒక సంస్థే ఉంది తెలుసా?" అంది. నాకు తెలీదు. అప్పటినుంచి మధ్యాహ్నాలు వంటపని అయ్యాక కూర్చుని దాని గురించే చదువుతున్నాను. చదివిన కొద్దీ కథ వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళింది.

ఆ సంస్థ పేరు ప్రాజెక్ట్ లైనస్. 1995 డిసెంబరు 24న, అంటే క్రిస్మస్ ముందురోజు, అమెరికాలో పెరేడ్ అనే ఆదివారం పత్రికలో ఒక ఫోటో వ్యాసం వచ్చింది. రాసింది పులిట్జర్ బహుమతి అందుకున్న ఫోటోగ్రాఫర్ ఎడ్డీ ఆడమ్స్. వియత్నాం యుద్ధం ఫోటోలతో పేరొచ్చినాయన. ఆ వ్యాసంలో కీమోథెరపీ చేయించుకుంటున్న ఒక చిన్న పాప ఉంది. తన దుప్పటి దగ్గరుంటే వైద్యాన్ని ఓర్చుకోగలుగుతున్నానని ఆ పాప చెప్పింది. కొలరాడో రాష్ట్రంలో ఉండే కారెన్ లౌక్స్ అనే ఆవిడ అది చదివింది. డెన్వర్ నగరంలో ఉన్న పిల్లల కాన్సర్ కేంద్రానికి చేత్తో చేసిన దుప్పట్లు ఇద్దామనుకుంది. మొదలైంది అంతే. ఇప్పుడు ఆ దేశమంతటా శాఖలున్నాయి. ఇచ్చిన దుప్పట్ల లెక్క లక్షలు దాటింది.

లైనస్ అన్న పేరు ఎక్కడిదంటారా? చార్లెస్ షుల్జ్ వేసిన పీనట్స్ బొమ్మల కథల్లో పిల్లవాడి పేరది. ఎప్పుడు చూసినా దుప్పటి పట్టుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుని ఉంటాడు. ఆ దుప్పటి మొదటిసారి 1954లో కనబడింది. తన మొదటి ముగ్గురు పిల్లలూ ఇంట్లో దుప్పట్లు ఈడ్చుకుంటూ తిరగడం చూసే అలా వేశానని షుల్జ్ చెప్పుకున్నాడు. అంటే పెద్ద ఊహేం కాదు, మన ఇళ్ళల్లో రోజూ కనబడే దృశ్యమే.

ఆ దృశ్యాన్ని సరిగ్గా ఆ కాలంలోనే ఒక డాక్టరు కూడా చూశాడు. ఇంగ్లండులో పిల్లల వైద్యుడూ, మానసిక వైద్యుడూ అయిన డొనాల్డ్ వినికాట్. 1951లో ఆయన ఒక పత్రం చదివాడు. పసిబిడ్డ ఏ గుడ్డపేలికనో బొమ్మనో పట్టుకుని వదలకపోవడం చెడ్డ అలవాటు కాదనీ, తల్లి పక్కన లేనప్పుడు తల్లికీ తనకీ మధ్య బిడ్డ వేసుకునే వంతెన లాంటిదనీ దాని సారాంశం. అది ఆ బిడ్డకి మొట్టమొదటి సొంత ఆస్తి. అది మురికి పట్టినా, వాసన వచ్చినా తల్లి ఉతక్కుండా ఊరుకుంటుందనీ, ఉతికితే బిడ్డకి దాని విలువే పోవచ్చని ఆమెకి తెలుసనీ కూడా రాశాడు. అది చదివి నవ్వొచ్చింది. ఆ బొంత ఉతకడానికి వాడు నిద్రపోయే దాకా నేను పడ్డ తిప్పలు గుర్తొచ్చాయి.

అమెరికాలో హారీ హార్లో అనే శాస్త్రవేత్త 1950ల్లో కోతిపిల్లలతో చేసిన ప్రయోగం మీలో కొందరు చదివే ఉంటారు. పిల్లల్ని తల్లుల నుంచి విడదీసి రెండు బొమ్మ తల్లుల దగ్గర పెట్టాడు. ఒకటి ఇనపతీగలతో చేసింది, రెండోది మెత్తటి గుడ్డ చుట్టింది. పాలసీసా తీగల తల్లికి కట్టినా, పిల్లలు పాలు తాగి వచ్చి రోజులో ఎక్కువసేపు గుడ్డతల్లినే కరుచుకుని ఉండేవి. ఆ కోతిపిల్లల్ని తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. కానీ బిడ్డ తల్లిని పట్టుకునేది పాల కోసమే అనుకునే పెద్దల నోళ్ళు మూయించిన ప్రయోగం అది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో ఆసుపత్రులు ఎలా ఉండేవో తెలిస్తే మనకి గుండె ఆగిపోతుంది. 1940ల చివర్లో లండన్‌లోని పేరున్న ఆసుపత్రుల్లో పిల్లల్ని చూడ్డానికి తల్లిదండ్రులకి కొన్నిచోట్ల వారానికి ఒక్కరోజు, గంటో రెండు గంటలో. ఇంకొన్నిచోట్ల బిడ్డ నిద్రపోతున్నప్పుడు మాత్రం చూసి వెళ్ళాలి. తల్లి వచ్చి వెళితే బిడ్డ ఏడుస్తాడు, రాకపోతే బుద్ధిగా ఉంటాడు కాబట్టి రాకపోవడమే మంచిదన్నది వాళ్ళ లెక్క.

ఆ "బుద్ధి" వెనక ఏముందో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన కనిపెట్టాడు. 1952లో ఒక చిన్న కెమెరాతో ఒక సినిమా తీశాడు. అందులో లారా అనే రెండేళ్ళ పాప చిన్న ఆపరేషను కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. పెద్దగా ఏడవదు. ఇంటినుంచి తెచ్చుకున్న దుప్పటినీ ఎలుగుబంటి బొమ్మనీ పట్టుకుని, ముఖం బిగబట్టుకుని ఉంటుంది. వాళ్ళమ్మ వస్తే ముఖం తిప్పుకుంటుంది. ఆ సినిమా చూపించినప్పుడు చాలామంది డాక్టర్లకీ నర్సులకీ కోపం వచ్చింది, మమ్మల్ని అవమానిస్తున్నావన్నారు. కానీ 1959లో ప్లాట్ కమిటీ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలని రాశారు. రాసినంత మాత్రాన తలుపులు తెరుచుకోలేదు. 1961లో లండన్‌లో బాటర్సీ ప్రాంతపు తల్లులు కొందరు ఒక సంఘంగా ఏర్పడి, ఒక్కో ఆసుపత్రికీ వెళ్ళి అడగడం మొదలుపెట్టారు. వాళ్ళు కూడా మనలాగే పిల్లల్ని పెంచుకుంటున్న ఇల్లాళ్ళే.

ఇక ముక్కూమొహం తెలియని రోగి కోసం దుప్పటి కుట్టడం దీనికంటే పాత అలవాటు. అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగినప్పుడు, గాయపడ్డ సైనికుల కోసం ఉత్తరాది స్త్రీలు ఊరూరా కూడి క్విల్టులు కుట్టారు. క్విల్టు అంటే మన బొంతకి అక్కచెల్లెలే, పైన ఒక గుడ్డ, కింద ఒక గుడ్డ, మధ్యలో దూది. ఆసుపత్రి మంచానికి సరిపడేలా సన్నగా కుట్టేవారు. కొన్నిటి మీద కుట్టినవాళ్ళ పేర్లూ, ధైర్యం చెప్పే మాటలూ సిరాతో రాశారు. వాటిలో ఈనాటికి మిగిలినవి చాలా కొద్ది. మిగతావన్నీ వాడుకలో చిరిగిపోయాయి. చిరిగిపోవడమే వాటికి గౌరవం అనిపించింది నాకు.

1988లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఎలెన్ ఆల్గ్రెన్ అనే పెద్దావిడ ఇంకో పని మొదలుపెట్టింది. అప్పుడు ఎయిడ్స్ అంటే జనం వణికిపోతున్నారు. ఆ వైరస్‌తో పుట్టిన కొందరు పసిపిల్లలు తీసుకెళ్ళేవాళ్ళు లేక ఆసుపత్రుల్లోనే పెరిగేవారు. వాళ్ళని ముట్టుకోవడానికే భయపడే ఆ కాలంలో, ఈవిడ వాళ్ళ తొట్టి మంచాలకి చిన్న క్విల్టులు కుట్టి పంపింది. చూసి ఎంతోమంది చేయి కలిపారు, ఏబీసీ క్విల్ట్స్ అని పేరుపడింది. ఆ పిల్లల్లో చాలామంది బతకరని తెలిసే కుట్టారు. దుప్పటి రోగం తగ్గిస్తుందని ఎవరూ అనుకోలేదు. ఎవరూ ఎత్తుకోని బిడ్డని ఒక దుప్పటయినా చుట్టుకోవాలనుకున్నారు.

ఇప్పుడు మళ్ళీ ప్రాజెక్ట్ లైనస్ దగ్గరికి వద్దాం. వాళ్ళ నియమాలు చదివితే మా నర్సమ్మ మాట గుర్తొచ్చింది. దుప్పటి చేత్తో చేసినదై ఉండాలి, కానీ కొత్తదై ఉండాలి. మిషన్లో ఉతకడానికి వీలుండాలి. సిగరెట్టు పొగ, పెంపుడు జంతువుల వెంట్రుకలు తగలకూడదు. గుండుసూదులు పొరపాటున కూడా ఉండిపోకూడదు. ఎందుకంటే కీమో తీసుకునే పిల్లలకి రోగాన్ని తట్టుకునే శక్తి అడుగంటిపోతుంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త కాన్సరుకి వైద్యం రెండు మూడేళ్ళు సాగుతుంది. అన్నాళ్ళు ఆ దుప్పటి వందసార్లు నీళ్ళలో మునగాలి.

క్రోషా అల్లికలు, ఉన్ని అల్లికలు, క్విల్టులు, ఏవైనా సరే. కుట్టు రాని వాళ్ళు రెండు మెత్తటి ఫ్లీస్ గుడ్డలు ఒకదానిమీద ఒకటి వేసి, అంచుల చుట్టూ కత్తిరించి, పైదానికీ కిందదానికీ ముడులు వేస్తారు. స్కూలు పిల్లలు కూడా చెయ్యగలరు. పసికందుల నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళ దాకా ఇస్తారు. కుట్టినవాళ్ళు సాధారణంగా ఆ బిడ్డని చూడరు, పేరు కూడా తెలీదు.

ఇక్కడే నాకో సందేహం వచ్చింది. వినికాట్ ఏమో ఉతికితే విలువ పోతుందన్నాడు. వీళ్ళేమో శుభ్రంగా ఉతికిన కొత్తది ఇస్తారు. అమ్మ వాసన లేని, నాయనమ్మ చీర కాని దుప్పటి ఆ బిడ్డకి ఏం సాయపడుతుంది?

రెండు రోజులు ఆలోచిస్తే మా వార్డే గుర్తొచ్చింది. అక్కడ పక్కగుడ్డ ఆసుపత్రిది. గౌను ఆసుపత్రిది. మంచానికి నంబరు, బిడ్డ చేతికి నంబరు. ఆ పదకొండు రోజులూ మా వాడిది అంటూ వాడి ఒంటిమీద ఏమీ లేదు. ఈ దుప్పటి అలాంటిది కాదు. అది వార్డుకి ఇచ్చేది కాదు, బిడ్డకి ఇచ్చేది. డిశ్చార్జి రోజున వాడితోపాటే ఇంటికి వెళ్ళిపోతుంది. వాసన తర్వాత పడుతుంది. నమిలే మూల ఏదో వాడే వెతుక్కుంటాడు.

మనకి పొత్తిళ్ళలో బిడ్డ అనే మాటుంది. పుట్టగానే పాత నూలుగుడ్డలో చుట్టడం, పాత చీరల్ని బొంతలుగా కుట్టడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఒప్పుకోవాలి, నా చేతిలో సూది ఎప్పుడూ మా ఇంటి బిడ్డ కోసమే కదిలింది. ఆ పక్క మంచం పాపకి ఒకటి కుట్టి ఇద్దామని ఆ పదకొండు రోజుల్లో గానీ, ఆ తర్వాత గానీ నాకు తట్టలేదు. వాళ్ళమ్మ గుమ్మం దాకా వచ్చి మాకు చెయ్యూపింది. నేను మళ్ళీ వెళ్ళలేదు.

మొన్న సోమవారం మా ఊరి ఆసుపత్రి పిల్లల వార్డుకి వెళ్ళి హెడ్ నర్సుని అడిగాను. "కొత్త నూలుగుడ్డ అయితే, వేడినీళ్ళలో ఉతికి, కవర్లో పెట్టి తెండి. పూసలు, గుండీలు, అద్దాలు వద్దు. పిల్లలకే ఇస్తాం" అంది. పక్కింటి పిన్నిగారూ, నేనూ కలిసి రెండు మొదలుపెట్టాం. ఆవిడ కుట్లు చీమల బారులా ఉంటాయి, నావి కాస్త వంకర.

మా చిన్నాడికి ఫోన్ చేసి బొంత దొరికిందని చెప్పాను. "ఏ బొంతమ్మా?" అన్నాడు. ఆసుపత్రి కూడా గుర్తులేదట. పోనీలే, వాడికి గుర్తుండకపోవడమే మంచిది. బొంత మాత్రం ఎండలో వేసి, మడతపెట్టి, మళ్ళీ పెట్టెలో పెట్టాను. ఆ నమిలిన మూల కొలతగా పెట్టుకుని, కొత్తవాటికి నాలుగు మూలలూ కాస్త మెత్తగా, దూది లేకుండా వదిలేస్తున్నాం.