ఆగేవాళ్ల బజారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, అందరిలాగే నేనూ మన సార్ల గురించి, వాళ్ల బెత్తాల గురించి రాద్దామనుకున్నాను. అవి రాసేవాళ్లు ఎలాగూ చాలామంది ఉంటారు. అందుకని బడి గేటు దాటి, రోడ్డెక్కి, మన శంషాబాద్ బజారు గురించి రాస్తున్నాను. నేను బజారు పిల్లవాణ్ణి. మా నాయన కిరాణం దుకాణం బెంగుళూరు రోడ్డు మీదే ఉండేది. పొద్దున్నే తలుపులు తీసి, వాకిట నీళ్లు చల్లి, ఆ తర్వాతే బడికి వచ్చేవాణ్ణి. ఆలస్యమైతే సారుకు చెప్పే సాకు కూడా అదే. పెద్దయ్యాక బ్యాంకులో చేరాను. సర్వీసులో ఎక్కువ భాగం మన చుట్టుపక్కలే గడిచింది కనుక, ఊళ్లోకి డబ్బు ఎట్లా వచ్చిందో, ఎటు పోయిందో కౌంటరు లోపలి నుంచి చూశాను.

మన ఊరి పేరు శంస్-ఉల్-ఉమ్రా అన్న బిరుదు నుంచి వచ్చిందని చిన్నప్పుడు సోషల్ క్లాసులో విన్నాం. అది పైగా వంశం వారి బిరుదు. నిజాంకు గుర్రపు దళాలను పోషించి ఇచ్చిన ప్రభువులు వాళ్లు. అందుకు బదులుగా వాళ్లకు జాగీర్లు ఉండేవి. మన రైల్వే స్టేషన్‌ను శంషాబాద్ అనకుండా ఉందానగర్ అని ఎందుకన్నారని అడిగితే, అదీ ఆ వంశం బిరుదుల్లోదేనని, ఉమ్దత్-ఉల్-ముల్క్ నుంచి వచ్చిందని పెద్దలు చెప్పేవారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. పేర్లు మిగిలాయి. ప్రభువులు పోయినా ఊరు చిన్నబోలేదు. అప్పటికే దానికి ఇంకో ఆధారం ఉంది. ఒక పక్క హైదరాబాద్ నుంచి కర్నూలు మీదుగా బెంగుళూరు పోయే రోడ్డు, ఇంకో పక్క కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ వైపు పోయే మీటర్‌గేజ్ రైలు. ఊరు పెద్దది కాదు. కాని పట్నం పోయేవాళ్లు, పట్నం నుంచి వచ్చేవాళ్లు ఆగడానికి సరైన దూరంలో ఉంది.

ఆగడం అన్నానే, ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి బజారు గుర్తు తెచ్చుకోండి. లారీలు చింతచెట్ల కింద ఆగేవి. డ్రైవర్లు టైర్లు తట్టి చూసుకుని, చాయ్ తాగి, మా దుకాణంలో బీడీకట్ట, అగ్గిపెట్టె, కొబ్బరినూనె సీసా కొనేవారు. పాలమూరు నుంచి పనుల కోసం పట్నం పోయే కూలీలు బస్సు దిగి మరమరాలు, పుట్నాలు పొట్లం కట్టించుకునేవారు. తిరిగొచ్చేటప్పుడు పిల్లలకు బిస్కట్లు. అఫ్జల్‌గంజ్ బస్సు దిగే ఉద్యోగస్తులు నెల సామాను మా దగ్గరే ఖాతా రాయించేవారు. అంగడి రోజైతే చుట్టూ ఊళ్ల నుంచి కూరగాయల గంపలు, మేకలు, కోళ్లు, కుండలు, గొంగళ్లు. ఆ రోజు మా నాయన నన్ను బడికి పంపడానికి ఇష్టపడేవాడు కాదు. 'ఒక్క రోజుకు చదువేం పోతది' అనేవాడు. మా అమ్మ ఒప్పుకునేది కాదు.

ఇంకొకటి, ద్రాక్ష. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. మన చుట్టూ ద్రాక్ష తోటలుండేవి. అనాబ్-ఎ-షాహీ అనే పెద్ద కాయ రకం. పందిళ్ల కింద నడిస్తే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. కోత కాలంలో పెట్టెలు పేర్చుకుని వాహనాలు మొజంజాహీ మార్కెట్‌కు పోయేవి. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం మారాక అక్కడికి పోయాయి. తోట కూలీల చేతిలో డబ్బు ఆడితే ఆ సాయంత్రానికి బజారులో తెలిసిపోయేది. కోళ్ల ఫారాలు వచ్చినప్పుడూ అంతే. డబ్బు పొలంలో పుట్టేది, బజారులో తిరిగేది.

1998లో కొత్త విమానాశ్రయానికి మూడు చోట్లు చూశారు. బొంగుళూరు, నాదర్‌గుల్, శంషాబాద్. ఆ ఏడాది డిసెంబరులో మన ఊరు ఖాయమైంది. చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది జాతీయ రహదారి, రైలుమార్గం దగ్గరుండడం. అంటే, ఏవి మన బజారును బతికించాయో అవే విమానాశ్రయాన్నీ తెచ్చాయి. ఆ వార్త వచ్చిన రోజు మా దుకాణం ముందు మిఠాయి పంచిన వాళ్లలో నేనూ ఉన్నాను. రోడ్డు ఉంది కనుక వచ్చేవాళ్లంతా మన రోడ్డు మీదుగానే వస్తారని లెక్క వేసుకున్నాం. లెక్క తప్పింది.

సుమారు 5,500 ఎకరాలు. మామిడిపల్లి, గొల్లపల్లి వైపు భూములు అందులో కలిశాయి. 2005 మార్చి 16న శంకుస్థాపన జరిగింది. ఆ సంవత్సరాల్లో బ్యాంకు కౌంటరు దగ్గర నేను చూసింది ఏ పుస్తకంలోనూ లేదు. జీవితంలో ఎప్పుడూ చెక్కు పట్టుకోని చేతులు చెక్కు పట్టుకుని వచ్చేవి. వాటిలో మన క్లాసు వాడు ఒకడున్నాడు. పేరు రాయను, ఈ సంచిక వాడూ చదువుతాడు. ఏడో తరగతిలో లెక్కల్లో నాకు చూపించినవాడు. పరిహారం సొమ్ము తెచ్చి, 'నువ్వే చెప్పురా, ఏం చేయమంటవ్' అన్నాడు. ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసుకోమన్నాను. మూడు నెలలకే వచ్చి తీసుకున్నాడు. బిడ్డ పెళ్లి, ఇంటి మీద ఇంకో అంతస్తు, ఒక కారు. కారును ట్రావెల్స్‌కు పెడితే నెలనెలా వస్తుందన్నాడు. ఆ కారు అప్పు కాగితాలు తయారు చేసింది నేనే. ఏడాదిన్నరకు ఆ కారు వేరేవాడి పేరు మీదికి మారింది. వాడు నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. కాని భూమి పోయినవాడికి డబ్బు ఇస్తే సరిపోతుందని ఆ రోజుల్లో నేనూ నమ్మాను. డబ్బును ఎకరాల్లా చూసుకోవడం ఎట్లాగో నేర్పే వ్యవస్థ ఏదీ మా కౌంటరుకు ఇవతల గానీ అవతల గానీ లేదు.

2008 మార్చి 14న ప్రారంభోత్సవం, 23న విమానాలు మొదలు. బేగంపేటలో రాకపోకలు ఆగిపోయాయి. మా అన్న దుకాణంలో రెండో ఫ్రిజ్ పెట్టాడు, అద్దాల కౌంటరు చేయించాడు. పక్కన ఇద్దరు లాడ్జి కట్టడానికి అప్పులు చేశారు.

విమానాలు దిగాయి. మనుషులు దిగలేదు. మా బజారులో దిగలేదని నా ఉద్దేశం.

ఆ ఏడాది నవంబరులోనే గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా అవుటర్ రింగు రోడ్డు మొదటి భాగం తెరిచారు. మొత్తం 158 కిలోమీటర్ల రింగుకు అది ఆరంభం. 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. రెండూ గొప్ప రోడ్లే. నేనూ వాటి మీద వెళ్తాను. కాని వాటి పనేమిటి? మధ్యలో ఎక్కడా ఆగకుండా మనిషిని చేరవేయడం. పాత బెంగుళూరు రోడ్డు నూరేళ్లు మనుషుల్ని ఆపి మా బజారును పోషించింది. కొత్త రోడ్లు వేసిందే ఆగకుండా ఉండడానికి. మా అన్న అద్దాల కౌంటరు వెనక కూర్చుని, ఆకాశంలో కింది నుంచి పోయే విమానాల లెక్క మనవడికి చెబుతుండేవాడు. 2023-24లో ఆ విమానాశ్రయం నుంచి రాకపోకలు సాగించినవాళ్లు దాదాపు 2.5 కోట్లు. అందులో ఒక్క వంతు మా అగ్గిపెట్టెలు కొన్నా చాలు.

పాత రోడ్డు పనులు మొదలయ్యాక మిగిలిన గిరాకీ కూడా చెదిరింది. వెడల్పు కోసం దుకాణాల ముందు భాగాలు పోయాయి. మా నాయన కూర్చునే అరుగు పోయింది. మధ్యలో డివైడరు వచ్చాక అవతలి పక్కన బస్సు దిగినవాడు ఇవతలికి రావాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. వ్యాపారం తగ్గడానికి పెద్ద పెద్ద కారణాలు వెతుకుతాం గాని, రోడ్డు దాటలేకపోవడం ఎంత పెద్ద కారణమో దుకాణదారునికే తెలుసు.

ఊరు పెరగడానికి చోటు కూడా తక్కువే. 1996 మార్చి 8 నాటి 111 జీవో గురించి మీకందరికీ తెలుసు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. మన మండలంలోని పలు గ్రామాలు అందులో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో దాన్ని సడలించారు. ఒక వైపు చెరువు నీళ్లు, ఇంకో వైపు రన్‌వే, విమానాల దారిలో ఎత్తు కట్టడాలకు అనుమతి తిప్పలు. చెరువులను కాపాడడం తప్పని నేననను. 1908 మూసీ వరద తర్వాత ఆ రెండు జలాశయాలు పట్నాన్ని ఎట్లా కాచాయో చదువుకున్నవాళ్లం. కాని ఆ ఇరవై ఆరేళ్లలో పొలం పండించడానికీ పనికిరాక, కట్టడానికీ వీలుకాక భూమి చేతులు మాత్రం మారుతూ పోయింది. ద్రాక్ష పందిళ్లు అప్పుడే పోయాయి. వాటి రాతి స్తంభాలు ప్లాట్ల హద్దురాళ్లుగా నిలబడడం నేను స్వయంగా చూశాను.

ఇది మన ఒక్కరి కథ కాదు. అదే బెంగుళూరు రోడ్డు పట్టుకుని చివరిదాకా వెళ్తే, బెంగుళూరు ఇంకాస్త దూరం ఉందనగా దేవనహళ్లి వస్తుంది. టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు, కోట ఉంది. బెంగుళూరు కొత్త విమానాశ్రయం అక్కడే 2008 మే 24న తెరుచుకుంది, మనకన్నా రెండు నెలలు ఆలస్యంగా. ఒకే రోడ్డుకు రెండు కొసలు, రెండు పాత ఊళ్లు, రెండు విమానాశ్రయాలు. ఎవరైనా కుర్రవాళ్లు ఈ రెండు బజార్లను పక్కపక్కన పెట్టి పరిశోధన చేస్తే బాగుంటుందని నా ఆశ. మన పూర్వ విద్యార్థుల పిల్లల్లో ప్లానింగ్ చదివినవాళ్లు ఉన్నారని విన్నాను.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే ఏడుపు వ్యాసం అవుతుంది. అది నిజం కూడా కాదు. నాలుగైదేళ్లుగా బజారులో మార్పు కనిపిస్తోంది, అది మేమెవరమూ ఊహించిన దారిలో రాలేదు. ప్రయాణికులు రాలేదు గాని, ప్రయాణికులకు సేవ చేసేవాళ్లు వచ్చారు. సామాను ఎత్తేవాళ్లు, ఊడ్చేవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, కార్గో గోదాముల్లో పనిచేసేవాళ్లు. వీళ్లకు విమానాశ్రయం పక్కన ఉండే హోటళ్లు అందవు. పాత ఊళ్లో, మన గల్లీల్లో, ఒక్కో గదిలో నలుగురైదుగురు కిరాయికి ఉంటారు. శ్రీకాకుళం వాళ్లు, ఒడిశా వాళ్లు, బీహార్ వాళ్లు, మన పాలమూరు వాళ్లు. రాత్రి డ్యూటీ దిగి తెల్లవారుజామున మూడింటికి ఇడ్లీ తింటారు. అంగడి రోజు కూరగాయలు కొనేది ఎక్కువగా వాళ్లే. మా నాయన కాలంలో లారీ డ్రైవరు ఏం కొన్నాడో వీళ్లూ అదే కొంటున్నారు. చిన్న నూనె ప్యాకెట్టు, సబ్బు, బియ్యం రెండు కిలోలు. బజారుకు కావలసింది ఆగేవాళ్లు. వీళ్లు ఆగుతున్నారు.

అందుకే, పాత బజారు బాగు చేయాలని ఎవరైనా అంటే నేను రంగురంగుల దీపస్తంభాలు అడగను. రోడ్డు దాటడానికి ఒక క్షేమమైన దారి, అంగడికి ఎవరూ కదపని స్థలం, రాత్రంతా తెరిచి ఉండే మరుగుదొడ్లు, బస్సు ఆగే చోట నీడ. మెట్రో రైలు ఎప్పుడు వచ్చినా, బజారుకు నడిచి చేరేంత దూరంలో ఒక స్టేషన్. మన ద్రాక్ష పెట్టెలు ఒకప్పుడు దిగిన మొజంజాహీ మార్కెట్ 1935 నాటి కట్టడం. శిథిలమైపోతున్నదాన్ని బాగు చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. సాయంత్రం అక్కడికి వెళ్లి చూడండి, జనం ఊరికే కూర్చోవడానికి వస్తున్నారు. మనకు అంత అందమైన రాతి గోపురం లేదు. కాని శంషాబాద్‌కు 2018లో మున్సిపాలిటీ వచ్చాక, పై నాలుగు పనులు అడగడానికి ఒక గుమ్మం అంటూ ఏర్పడింది. మనవాళ్లలో ఆ గుమ్మం ఎక్కినవాళ్లూ ఉన్నారు. ఈ సభలో వాళ్లను పట్టుకోవాలి.

మా దుకాణం మాట చెప్పి ముగిస్తాను. మా అన్న పోయాక ఆ మడిగె అమ్మేయమని అందరూ అన్నారు. గజం ధర విని నాకూ కళ్లు తిరిగాయి. బేరం దాదాపు కుదిరింది. కాగితాల ముందు రోజు రాత్రి ఎందుకో నిద్ర పట్టక బజారు దాకా నడిచి వెళ్లాను. రెండున్నర అయి ఉంటుంది. మా మడిగె ముందు, నాయన అరుగు ఉన్న చోట, బండి మీద చాయ్ అమ్ముతున్నాడు ఒకాయన. చుట్టూ పదిమంది, మెడలో ఐడీ కార్డులు. ఆ పదిమందిలో పార్కింగ్ యూనిఫాంలో మన క్లాసు వాడు, లెక్కల్లో నాకు చూపించినవాడు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, 'ఏందిరా, ఈ టైంల' అని, చాయ్ వాడికి ఇంకో గ్లాసు చెప్పాడు. మడిగె అమ్మకం సంగతి వాడికి తెలుసు. ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. చాయ్ డబ్బులు ఎంత ఇవ్వబోయినా ఇయ్యనీయలేదు.

మడిగె ఇంకా మాదే. నెల కిరాయి తక్కువే వస్తుంది.