పాత ఆటోఫోకస్ కటకాలు

చేతితో తిప్పనవసరం లేకుండా దృశ్యాన్ని స్పష్టంగా నిలిపే కెమెరా కటకాన్ని ఆటోఫోకస్ కటకం లేదా ఆటోఫోకస్ లెన్సు అంటారు. 1980, 90 దశకాలలో తయారైన ఇటువంటి లెన్సులు అనేకం నేటి కెమెరాలకు బిగుస్తాయి. కాని బిగిసిన ప్రతిదీ ఫోకస్ కాదు. సెకండ్ హ్యాండ్ లెన్సు కొనేవారు తరచుగా మోసపోయేది ఇక్కడే.

మోటారు ఉండే చోటు

1985లో వచ్చిన మినోల్టా 7000 కెమెరాలో ఫోకస్ మోటారు కెమెరా బాడీలోనే ఉండేది. మౌంటు దగ్గర స్క్రూడ్రైవరు మొన వంటి చిన్న కడ్డీ లెన్సులోని మరను తిప్పేది. నికాన్ (1986లో ఎఫ్-501), పెంటాక్స్ కూడా ఈ పద్ధతినే అనుసరించాయి. కానన్ మాత్రం 1987లో తన పాత మౌంటును విడిచిపెట్టి, మోటారును లెన్సులోనే అమర్చి, బాడీతో విద్యుత్ సంబంధం మాత్రమే ఉండే ఈఎఫ్ మౌంటును తెచ్చింది. పాత ఎఫ్‌డీ లెన్సులు ఉన్నవారికి అప్పట్లో ఇది నష్టమే. అయితే నాటి ఈఎఫ్ లెన్సు 2018లో మొదలైన ఆర్ శ్రేణి కెమెరాలపై కూడా అడాప్టరు సహాయంతో ఫోకస్ అవుతుంది.

నికాన్ విషయం చిక్కైనది. 2006లో వచ్చిన డి40 నుండి చవక బాడీలలో మోటారును తీసివేశారు. అందువలన 50 మి.మీ. ఎఫ్/1.8డి వంటి లెన్సు డి90, డి7000లపై చక్కగా పనిచేస్తుంది. డి3000, డి5000 శ్రేణులపై చేతితో తిప్పుకోవలసిందే. 2018 నాటి ఎఫ్‌టీజెడ్ అడాప్టరులోనూ మోటారు లేదు. "ఏఎఫ్-ఎస్" అని రాసి ఉన్న లెన్సులకు ఈ ఇబ్బంది రాదు. మినోల్టా మౌంటు 2006లో సోనీకి సంక్రమించింది. సోనీ ఈ-మౌంటు కెమెరాలపై ఆ లెన్సులు ఫోకస్ కావడానికి మోటారు గల ఎల్ఏ-ఈఏ4 వంటి అడాప్టరు కావాలి. 2020లో వచ్చిన ఎల్ఏ-ఈఏ5 కొన్ని బాడీలపై మాత్రమే ఆ మరను తిప్పగలదు.

ఇతర లోపాలు

కానన్ కోసం సిగ్మా చేసిన పాత లెన్సులు కొన్ని కొత్త బాడీలపై ఎపర్చరు పూర్తిగా తెరచి ఉంచితే పనిచేసి, తగ్గించగానే ఎర్రర్ చూపుతాయి. బాడీ పంపే సంకేతాలు వాటి చిప్పుకు అర్థం కాకపోవడమే కారణం. తుడిచినా ఫలితం ఉండదు. ఎపర్చరు రింగు ఉన్న నికాన్ లెన్సు బిగించినప్పుడు కెమెరాలో ఎఫ్‌ఈఈ అనే అక్షరాలు కనబడితే అది చెడిపోయినట్లు కాదు, రింగును అతిచిన్న ఎపర్చరు వద్ద లాక్ చేస్తే చాలు. ఆగి ఆగి పనిచేసే లెన్సుకు ముందుగా ఇత్తడి రంగు కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన మెత్తని గుడ్డతో తుడవాలి. ఫోకస్ ప్రతిసారీ కొద్దిగా ముందుకో వెనుకకో పడుతుంటే, ఏఎఫ్ సవరణ సౌకర్యం గల ఎస్సెల్లార్ బాడీలో దానిని దిద్దుకోవచ్చు. మిర్రర్‌లెస్ కెమెరాలు చిత్రం పడే సెన్సరు మీదనే ఫోకస్‌ను కొలుస్తాయి కనుక వాటిలో ఈ దోషం అరుదు.

కొనేముందు పరీక్ష

జగ్గయ్యపేట, నందిగామ వంటి ఊళ్ళలో పెళ్ళిళ్ళు తీసే ఫొటోగ్రాఫరుకు తాళి కట్టే క్షణం మళ్ళీ రాదు. కనుక లెన్సు కొనడానికి హైదరాబాదో విజయవాడో వెళ్ళేటప్పుడు తన బాడీని వెంట తీసుకువెళ్ళడం మంచిది. దగ్గరి వస్తువుకూ దూరపు వస్తువుకూ మార్చి మార్చి పదిసార్లు ఫోకస్ చేసి, తరువాత ఎపర్చరు ఎఫ్/8కి తగ్గించి ఫొటో తీసి చూడాలి. సిగ్మా లెన్సులలోని దోషం ఈ రెండవ పరీక్షలోనే బయటపడుతుంది.